పావుకి పేరుంది, మూడో వంతుకి లేదు: ఒక లెక్కల టీచర్‌తో 16 వారాలు

స్కూళ్ళకి వెళ్ళి, టీచర్ల పక్కన ఉండి వాళ్ళ పాఠం మెరుగుపడేలా తోడ్పడటం నా పని. దాన్ని కోచింగ్ అంటారు. ఈ కేసులో మొదటి ఆరు వారాలు నేను చేసినవన్నీ మాకు శిక్షణలో నేర్పినవే. పద్ధతి ప్రకారం చూస్తే వంక పెట్టడానికి లేదు. అయినా ఆ ఆరు వారాల్లో టీచర్ ముందుకు కదలకపోగా, నన్ను చూస్తే నోరు విప్పడమే మానేశారు. ఎందుకలా జరిగిందో నాకు నేను తేల్చుకోవడానికి రాసుకున్న నోట్సు ఇది. స్కూలేదో, మనిషెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. పిల్లల నోటుపుస్తకాల్లో కనపడినవి మాత్రం కనపడినట్టే రాశాను.

నేపథ్యం

బెంగళూరు తూర్పు వైపు, కె.ఆర్.పురానికీ మారతహళ్ళికీ నడుమ ఎక్కడో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూలు. ఫీజు తక్కువ. తండ్రులు అపార్ట్‌మెంట్ల దగ్గర సెక్యూరిటీ, క్యాబ్ డ్రైవర్లు, సెంట్రింగ్ పనివాళ్ళు. తల్లుల్లో చాలామంది ఆ అపార్ట్‌మెంట్లలోనే ఇంటి పనికి వెళ్తారు. సగం కుటుంబాలు అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చినవే. మిగతావాళ్ళలో రాయచూరు వైపు కన్నడిగులు, తమిళులు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు, కొందరు హిందీవాళ్ళు. ఆరో తరగతిలో 42 మంది. పాఠం ఇంగ్లీషులో, ఆటలు కన్నడలో, కొట్లాటలు ఎవరి భాషలో వాళ్ళవి.

టీచర్‌ది అనంతపురం జిల్లా. బి.ఎస్సీ., బి.ఇడి., తొమ్మిదేళ్ళ అనుభవం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు. వారానికి 34 పీరియడ్లు, పైన సబ్‌స్టిట్యూషన్లు. పిల్లలకి ఆమె అంటే ఇష్టం. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే టిఫిన్ డబ్బా చూపించడానికి ఆమె దగ్గరికే పరుగెత్తుతారు. నేనూ 14 ఏళ్ళు లెక్కలు చెప్పి, తర్వాత ఈ పనిలోకి వచ్చినదాన్ని. ఇద్దరికీ తెలుగు ఉంది కాబట్టి మేనేజ్‌మెంట్ నన్ను ఆమెకి కేటాయించింది. అది నాకు కలిసొచ్చే సంగతని అప్పట్లో అనుకున్నాను. పరాయి మనిషి ముందు తప్పు బయటపడటం ఒక ఎత్తు, మన భాష మనిషి ముందు పడటం ఇంకో ఎత్తు అని అప్పటికి తట్టలేదు.

మొదటి రోజు ఆమె నవ్వుతూనే అడిగింది: "నాకు కోచింగ్ ఏంది మేడం? ఇప్పుడు నేనేమన్నా ఎంసెట్ రాయాల్నా?" నిజమే, మనవాళ్ళకి కోచింగ్ అంటే హాస్టలూ ర్యాంకులే గుర్తుకొస్తాయి. ఈ పనికి మనకింకా సరైన మాట లేదు. నేను కూడా నవ్వేసి ఊరుకున్నాను. ఆ ప్రశ్నకి అప్పుడే సరిగ్గా జవాబు చెప్పి ఉంటే తర్వాత కొంత తిప్పలు తప్పేవేమో.

సమస్య అని నాకు చెప్పింది, నేను చూసింది

కోఆర్డినేటర్ మాటల్లో సమస్య ఇది: "క్లాసులో అడిగితే అందరూ చెప్తారు. ఎఫ్‌ఎ పేపర్లో రాయరు." ఎఫ్‌ఎ అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష.

జులై మొదటి వారంలో వెనక బెంచీ మీద కూర్చుని ఒక పీరియడ్ చూశాను. పాఠం భిన్నాలు. బోర్డు మీద రెండు గుండ్రాలు గీసి ఆమె అడుగుతోంది.

"వన్ బై టూ, వన్ బై ఫోర్. విచ్ ఈజ్ బిగ్గర్?"

"వన్ బై టూ మిస్!" క్లాసంతా ఒకటే గొంతు.

"అండర్‌స్టుడ్?"

"యెస్ మిస్!"

40 నిమిషాల్లో 61 ప్రశ్నలు లెక్కపెట్టాను. ఎక్కువ భాగం ఇలాంటి బృందగానమే. ప్రశ్నకీ జవాబుకీ మధ్య సెకను వ్యవధి కూడా లేదు. ఎవరూ పలక్కపోతే జవాబు ఆమే చెప్పేస్తోంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే ఇది కొలిచి చూసింది: టీచర్లు ప్రశ్న వేశాక సగటున సెకను పాటు మాత్రమే ఆగుతారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, అంతవరకూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారు. నా ముందు జరుగుతున్నది అచ్చంగా అదే. కాబట్టి రోగం ఏంటో తెలిసిపోయిందనుకున్నాను: ప్రశ్నలు అడిగే తీరు.

ఇక్కడ నేనొకటి తేల్చుకోకుండా దాటేశాను. ఆ ప్రశ్నలకి పిల్లలు సరైన జవాబే చెబుతున్నారు. మరి రాసేటప్పుడు ఎందుకు తప్పుతున్నారు? ప్రశ్నల తీరు బాగుపడితే రాయడం దానంతటదే బాగుపడుతుందని ఊహించాను. ఆ ఊహకి ఆధారంగా పిల్లల కాయితం ఒక్కటి కూడా చూడలేదు.

చేసినవి, చెడినవి

మొదటి ఫీడ్‌బ్యాక్‌లో 14 అంశాలు రాసిచ్చాను. మా సంస్థ ఫారంలో అన్ని గళ్ళు ఉంటాయి. ఖాళీగా వదిలితే పని చేయనట్టు కనిపిస్తుందని అన్నీ నింపాను. ఆగి అడగండి, చేతులెత్తని పిల్లల్ని పిలవండి, జవాబుకి 'ఎందుకు' అని అడగండి, బోర్డుని భాగాలుగా వాడండి, జతల్లో మాట్లాడించండి, ఇలా. ఆమె శ్రద్ధ గల మనిషి. మరుసటి పీరియడ్‌లో వాటిలో ఆరు ఒకేసారి చేయబోయింది. జతల్లో మాట్లాడమంటే పిల్లలు రెచ్చిపోయారు, అటు నుంచి వెళ్తున్న హెడ్ కారిడార్‌లోంచి తొంగిచూశారు, ఆమె డస్టర్‌తో బల్ల మీద కొట్టి అందరినీ కూర్చోబెట్టి మళ్ళీ బృందగానం మొదలుపెట్టింది. ఆ స్కూల్లో టీచర్‌కి వేసే మార్కు ఒకటే, క్లాస్ కంట్రోల్. దాన్ని కిటికీ బయట నుంచి వేస్తారు. నేను చెప్పిన మూడు సెకన్ల మౌనం కిటికీలోంచి చూసేవాళ్ళకి 'టీచర్ పాఠం మర్చిపోయింది' అన్నట్టుంటుంది. జతల మాటలు వాళ్ళకి సంతలా వినిపిస్తాయి. ఆమె మానేసిందంటే చేతకాక మానేసిందని కాదు. ఆ చోట బతకడానికి ఏది అవసరమో ఆమెకి నాకంటే బాగా తెలుసు. ఈ లెక్క నాకు అర్థమయ్యేసరికి ఇంకో రెండు వారాలు పట్టింది.

రెండోది, నేనే ఒక పీరియడ్ చెప్పి చూపించడం. మాటల్లో చెబితే రానిది కళ్ళతో చూస్తే వస్తుందని ఆలోచన. పాఠం బాగా జరిగింది, ఆ ముచ్చట చెప్పుకోను. కొత్త మనిషి, కొత్త గొంతు. పిల్లలు బుద్ధిగా విన్నారు. ఆమె వెనక కూర్చుని రాసుకుంది. బయటికి వచ్చాక ఒకటే మాట: "మీరు చెప్తే వింటారు మేడం. రేపు మళ్ళా నేనే కదా ఉండేది." మరుసటి రోజు ఒక పిల్లాడు ఆమెనే అడిగాడట, నిన్నటి మిస్ ఎప్పుడొస్తారని. ఆమె నాతో ఈ సంగతి మూడు నెలల తర్వాత చెప్పింది. చెప్పి చూపించడం చెడ్డ పద్ధతని నేను అనను. ఆమె అడిగి ఉంటే, పాఠమంతా కాకుండా అయిదు నిమిషాల ముక్క చూపించి ఉంటే వేరేగా ఉండేది. అడగకుండా ఒకరి క్లాసులోకి దూరి 40 నిమిషాలు వెలిగిపోతే, మిగిలిన ఏడాదంతా ఆ వెలుతురు పక్కన నిలబడాల్సింది ఆవిడే.

మూడోది అన్నిటికంటే పెద్ద తప్పు. మా రివాజు ప్రకారం నెలాఖరు రిపోర్టు కోఆర్డినేటర్‌కి మెయిల్ చేశాను. అందులో 'మెరుగుపడాల్సినవి' గడి ఉంటుంది. కోఆర్డినేటర్ ఆ శనివారం స్టాఫ్ మీటింగులో పేరు ఎత్తకుండా చదివారు: కొందరు టీచర్లు జవాబు కోసం ఆగడం లేదు, పిల్లల్ని ఆలోచించనివ్వడం లేదు. ఆ టర్మ్‌లో కోచ్ వస్తున్న లెక్కల టీచర్ ఒక్కరే. పేరు ఎత్తాల్సిన పని లేదు.

మంగళవారం వెళ్తే ఆమె తలెత్తలేదు. "క్లాసు చూసుకోండి మేడం. తర్వాత మాట్లాడేకి కుదరదు, కరెక్షన్ ఉంది."

ఆగి, సరిచేసుకోవడం

నా ముందు మూడు దారులు. ఇంకో టీచర్‌తో పని మొదలుపెట్టి దీన్ని వదిలేయడం. కోఆర్డినేటర్ మీద హెడ్‌కి చెప్పడం. లేదా ఆమె దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకోవడం. మొదటిది తేలిక, మా ఆఫీసులో ఎవరూ అడగరు కూడా. కానీ నేను వదిలేస్తే ఆ స్కూల్లో మిగతా టీచర్లకి ఒక సంగతి స్థిరపడిపోతుంది: ఈవిడ వచ్చి చూసి రాసి, పైకి పంపి పోతుంది. రెండోదాంతో మొదలుపెడితే ఆమె పేరు మీద నేను గొడవ పెట్టినట్టవుతుంది, ఆమెని అడగకుండా. అందుకే మూడోది ముందు.

ఫారం పట్టుకుని వెళ్ళలేదు. మెట్ల కింద పాత బెంచీలు పేర్చిన చోట ఇద్దరం నిలబడ్డాం. "ఆ కాయితం పంపింది నేనే. ఎక్కడి దాకా పోతుందో ఆలోచించలేదు. నాదే తప్పు," అన్నాను.

కాసేపు ఊరుకుని ఆమె అంది: "మీరు రాసిన దాంట్లో అబద్ధమేమీ లేదు మేడం. కానీ తొమ్మిదేండ్లు చెప్పినా కదా. ఒక్కటన్నా బాగుందని రాసుండచ్చు."

ఇంటికి వచ్చి తీసి చూశాను. 14 అంశాల్లో బాగున్నది ఒక్కటీ లేదు. ఆ ఫారంలో దానికి గడే లేదు. ఉంటే నింపేదాన్నేమో, నాకు తెలియదు.

తర్వాత ఆమెకి చెప్పే హెడ్ దగ్గరికి వెళ్ళాను. ఇకమీదట మేనేజ్‌మెంట్‌కి వెళ్ళేవి రెండే: నేను వచ్చిన తేదీలు, ఆరు వారాలకొకసారి క్లాసు మొత్తం మీద పిల్లల రాత పనిలో వచ్చిన తేడా. టీచర్ గురించి నేను రాసుకున్నది ఎవరికీ వెళ్ళదు. "మరి మేం కట్టే డబ్బుకి లెక్కేంటి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. రెండు విషయాలు చెప్పాను. ఒకటి, నోట్స్ మీకిస్తే ఆమె నాకు ముస్తాబు చేసిన క్లాసు చూపిస్తుంది, రోజూ జరిగే క్లాసు చూపించదు. అప్పుడు మీ డబ్బు నిజంగా దండగ. రెండు, ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా ముందే మాట్లాడుకుందాం. 2018లో మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ ఇలాంటి కోచింగ్ మీద 60 అధ్యయనాలను కలిపి చూశారు. మార్పు ఎంత పెద్దదో కొలవడానికి పరిశోధకులు వాడే ప్రామాణిక విచలనాల లెక్కలో, బోధనలో మార్పు 0.49, పిల్లల ఫలితాల్లో మార్పు 0.18. అంటే టీచర్ పద్ధతి మారినంతగా మార్కులు మారవు. పైగా కార్యక్రమం పెద్దదయ్యే కొద్దీ ఫలితం పలచబడుతుందని కూడా అందులోనే ఉంది. ఎస్‌ఎ1 (అర్ధ సంవత్సర పరీక్ష) కల్లా మార్కులు చూపించమంటే నేను చూపించలేను. ఆయనకి రెండోదానికంటే మొదటిది బాగా ఎక్కింది. ఒప్పుకున్నారు, ఏడాది చివర్లో మళ్ళీ మాట్లాడదామనే షరతు మీద.

ఒక పక్కమాట. తోడుగా ఉండాల్సిన మనిషి తనిఖీ మనిషైపోవడం ప్రైవేటు స్కూళ్ళలోనే ఉందనుకోకండి. 1994లో మొదలైన డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) రోజుల నుంచీ ప్రభుత్వ బడులకి క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు ఉన్నారు. టీచర్ పక్కన కూర్చుని పాఠం గురించి మాట్లాడటం వాళ్ళ పనిలో ముఖ్యమైన భాగం. నాకు తెలిసినవాళ్ళని అడిగితే రోజులో చాలా భాగం అంకెలు సేకరించి పైకి పంపడానికే పోతుందంటారు. బడిలోకి అడుగు పెడితే టీచర్లు ముందు రిజిస్టర్ తీస్తారట. మన బడుల్లో ఇన్‌స్పెక్షన్ అన్న మాటకి వయసెక్కువ. కొత్త పేర్లు దాని ముందు తేలిపోతాయి.

చీటీలు

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు నేను తీసుకున్న నిర్ణయం ఒకటే: కొన్ని వారాలు ఆమెని చూడను. పిల్లలు రాసింది చూస్తాను, ఆమెతో కలిసి. కారణం సిద్ధాంతమేమీ కాదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటే మధ్యలో ఉండే వస్తువు ఆమె అవుతోంది. పక్కపక్కన కూర్చుని మూడో వస్తువుని చూస్తే ఆమెకి ఊపిరాడుతుంది. ఇంకో లాభం, నా తొలి అంచనా తప్పో ఒప్పో అప్పుడైనా తేలుతుంది.

పీరియడ్ చివరి అయిదు నిమిషాల్లో ఒక్క ప్రశ్న, పావు కాయితం మీద. ప్రశ్న ఆమే పెట్టింది: 1/3, 1/4. ఏది పెద్దది? ఎందుకు? బొమ్మ గీసినా సరే, మాటల్లో రాసినా సరే.

ఆ రోజు వచ్చింది 39 మంది. చీటీలని మూడు కుప్పలుగా విడదీయమన్నాను: జవాబూ కారణమూ సరైనవి, జవాబు సరై కారణం లేనివి, జవాబే తప్పైనవి. 10, 5, 24. మూడో కుప్ప ఎత్తు చూసి ఆమె ముఖం పాలిపోయింది. "నిన్ననే చెప్పినా కదా మేడం. అందరూ చెప్పినారు కూడా."

అప్పుడు నేను నోరు మూసుకుని కూర్చోవడం ఈ మొత్తం కేసులో నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. ఆ 24లో చాలావాటి మీద కారణం ఒకటే, నాలుగు మూడు కంటే పెద్దది. అది ఊహించిందే, ప్రపంచంలో భిన్నాలు చెప్పే టీచర్లందరూ చూసేదే. ఆమె వాటిని పక్కన పెట్టి, బొమ్మలున్న చీటీలు ఒక్కొక్కటే పట్టి చూడటం మొదలుపెట్టింది.

ఒక చీటీ మీద 1/3కి చిన్న గుండ్రం, 1/4కి పెద్ద గుండ్రం. చిన్నదాంట్లో మూడు ముక్కలు, ఒకటి రంగు వేసింది. పెద్దదాంట్లో నాలుగు ముక్కలు, ఒకటి రంగు వేసింది. రెండో రంగు ముక్కే పెద్దగా ఉంది. కింద 'వన్ బై ఫోర్ బిగ్' అని రాసింది. ఆమె అంచు మీద వేలు పెట్టి చూసి, "ఇది రూపాయి బిళ్ళ చుట్టూ గీసింది. ఇది గాజు చుట్టూ గీసింది," అంది. ఆ పిల్ల చేతికి గాజులుంటాయని ఆమెకి తెలుసు.

ఆ పిల్ల బొమ్మ ప్రకారం ఆ పిల్ల జవాబు సరైనదే.

ఇంకో చీటీలో గుండ్రం లోపల రెండు నిలువు గీతలు. మూడు ముక్కలైతే వచ్చాయి. నడిమిది లావు, అంచులవి సన్నం. వాడికి మూడు ముక్కలంటే మూడు, అంతే. సమానమన్న ఊసు లేదు. బోర్డు మీద తను గీసిన గుండ్రాలు ఎలా ఉంటాయని ఆమె తనే అడుక్కుంది. చేత్తో గీసినవి, ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ అయ్యే ఉంటాయి. నేను ఆ క్లాసులో వెనకే కూర్చుని ఉన్నాను. 61 ప్రశ్నలు లెక్కపెట్టాను గానీ బోర్డు మీద గుండ్రాల సైజు చూడలేదు.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నాకైతే తట్టేదే కాదు. "మరి వన్ బై టూ, వన్ బై ఫోర్ అడిగితే అందరూ కరెక్టుగా ఎట్ల చెప్పినారు?" ఒక నిమిషం ఆలోచించి తనే అంది: "అర్ధకేజీ, పావుకేజీ! అంగటికి పోతారు కదా మేడం. అది లెక్క చేసి చెప్పింది కాదు, తెలిసి చెప్పింది."

ఇద్దరం అక్కడే లెక్కపెట్టుకున్నాం. తెలుగు పిల్లలకి అర, పావు, ముప్పావు. కన్నడ పిల్లలకి అర్ధ, కాలు, ముక్కాలు. తమిళ పిల్లలకి అరై, కాల్, ముక్కాల్. ఉర్దూ, హిందీ పిల్లలకి ఆధా, పావ్. ఉల్లిపాయలు తెమ్మన్నా పాలు తెమ్మన్నా ఈ మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. మూడో వంతుకి అంగట్లో పేరు లేదు. మూడో వంతు కేజీ చక్కెర ఎవరూ కొనరు. ఇన్నేళ్ళుగా ఆమె, నేను, అందరం భిన్నాల పాఠం అర, పావులతోనే మొదలుపెడుతున్నాం, పిల్లలకి తేలిక అని. అవి తేలిక కావడం వల్లే వాళ్ళకి పాఠం అర్థమైందో లేదో వాటితో తెలియదు. కోఆర్డినేటర్ చెప్పిన చిక్కుముడి అక్కడ విడింది: క్లాసులో అడిగేవి అంగట్లో ఉన్న భిన్నాలు, పేపర్లో వచ్చేవి లేనివి.

అక్కడి నుంచి

గుండ్రాలు మానేసి కాయితం పట్టీలు వాడదామని ఆమె నిర్ణయం. పాత ప్రశ్నపత్రాల వెనక వైపు, అందరికీ ఒకే పొడవున కోసినవి. రెండుగా, నాలుగుగా మడవడం పిల్లలకి క్షణంలో పని. మూడుగా మడవడం దగ్గర క్లాసంతా ఆగిపోయింది. మడుస్తారు, ఒక ముక్క పొడుగొస్తుంది, విప్పుతారు, మళ్ళీ మడుస్తారు. సమానం అన్న మాటని ఆమె బోర్డు మీద రాయకముందే ఒక పిల్లాడు పక్కవాడి పట్టీ లాక్కుని "సమపాలు ఇల్ల" అన్నాడు కన్నడలో. ఆమె ఆ మాట పట్టుకుంది. తెలుగులో సమపాళ్ళు, కన్నడలో సమపాలు. 'ఈక్వల్ పార్ట్స్' కింద బోర్డు మీద అది కూడా రాసింది.

దీనికి ముందు ఒక బేరం జరిగింది. ఆ స్కూల్లో క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలి. 'ఎందుకు' అని అడిగితే పిల్లలకి కారణం తెలిసినా ఇంగ్లీషు రాక ఊరుకుంటున్నారని ఆమె అనుమానం. ఏ భాషలోనైనా చెప్పొచ్చు, రాసేది ఇంగ్లీషులో, భిన్నాల పాఠం అయ్యేవరకు మాత్రమే అని హెడ్‌ని ఆమే అడిగింది. నన్ను అడగమంటే నేనే వద్దన్నాను. ఆమె నోటితో అడిగి తెచ్చుకున్న అనుమతి నేను వెళ్ళిపోయాక కూడా ఆమె దగ్గరే ఉంటుంది. ఆ భాషల్లో సగం ఆమెకి రావు. ఉర్దూ పిల్ల చెప్పింది పక్కపిల్ల కన్నడలోకి మార్చి చెప్పేది. పాఠం నెమ్మదించింది. పోర్షన్ నాలుగు రోజులు వెనకపడింది.

అప్పటికి గానీ మూడు సెకన్ల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తింది కూడా ఆమే. "ఎందుకు అని అడిగినాక నేను ఆగలేకపోతా ఉండా. ఏదో ఒకటి చెప్పేస్తా." క్లాసుకి ముందు మెట్ల కింద పది నిమిషాలు రిహార్సల్ చేశాం. నేను మూడో కుప్పలోని పిల్లనైపోయి "ఫోర్ బిగ్ మిస్" అని బిక్కమొహం పెట్టాలి, ఆమె అడిగి ఆగాలి. మొదట్లో ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆగడానికి చేతులకి ఏదో పని కావాలంది. జపం చేసేవాళ్ళు లెక్కపెట్టుకున్నట్టు చూపుడువేలి కణుపులు బొటనవేలితో లెక్కపెట్టుకోవడం ఆమె అలవాటు చేసుకుంది. మూడు కణుపులు, మూడు సెకన్లు. చీరకొంగు చాటున ఎవరికీ కనపడదు. పిల్లలకి మాత్రం కొన్నాళ్ళకి తెలిసిపోయింది. మిస్ వేలు లెక్కపెడుతోందంటే ఇక తప్పించుకోలేమని.

నా మొదటి 14 అంశాల్లో ఇది మొదటిదే. ఆ రోజు చెప్పినప్పుడు ఆమెకి దాంతో పని లేదు. ఎందుకు ఆగాలి? 'వన్ బై టూ' అన్న జవాబు ఆగకుండానే వస్తోందాయె. అడిగే ప్రశ్న ఆగి వినాల్సిన ప్రశ్న అయ్యాకే ఆగడం అవసరమైంది.

మూడు వారాల తర్వాత కొత్త చీటీ: 3/5, 3/7. ఆ రోజు 40 మంది. కుప్పలు 27, 6, 7. అవే సంఖ్యలు హెడ్‌కి ఇచ్చాను, టీచర్ గురించి ఒక్క మాట లేకుండా. ఎస్‌ఎ1లో మాత్రం క్లాసు సగటు పెద్దగా కదల్లేదు. పేపర్లో భిన్నాల కూడికలు, తీసివేతలు ఎక్కువ వచ్చాయి, 1/2 + 1/3 = 2/5 అని రాసినవాళ్ళు ఇంకా చాలామందే. పోల్చడం వచ్చినంత మాత్రాన కూడటం రాదు. ఆమె నిరుత్సాహపడింది. నేను ముందే హెడ్‌కి చెప్పి ఉంచిన మాట అప్పుడు పనికొచ్చింది.

మిగిలినవి

రెండో చీటీలో మూడో కుప్పలో ఉన్న ఆ ఏడుగురిలో నలుగురు ఏ చీటీలోనూ మూడో కుప్ప దాటలేదు. వాళ్ళ సమస్య భిన్నాలు కాదు. ఇద్దరికి ప్రశ్న చదవడమే రాదు. ఏడాది మధ్యలో ఊరికి వెళ్ళి రెండు నెలలకి తిరిగొచ్చిన పిల్లాడొకడు. నాలుగో పిల్ల సంగతి మాకు అంతుపట్టలేదు. 34 పీరియడ్ల టీచర్‌కి వీళ్ళ కోసం వేరే సమయం లేదు, నా దగ్గర దానికి ఉపాయమూ లేదు. ఇది కోచింగ్‌తో తీరేది కాదని హెడ్‌కి రాసిచ్చాను.

నా పద్ధతిలో మార్చుకున్నవి కొన్ని. మొదటి నెల ఫారం నింపను. ఆఫీసువాళ్ళతో ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. నోట్స్ ఎవరు చూస్తారన్నది తొలి రోజే, ముగ్గురం ఒకచోట కూర్చుని తేల్చుకుంటాను. పిల్లల కాయితాలు చూడకుండా టీచర్ గురించి అంచనాకి రాను. అడగకుండా పాఠం చెప్పను. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్‌కి ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది కదా, మా మెట్ల కింద కూర్చున్న గంటల్ని కూడా ఆ లెక్కలో వేయించాం. సంతకాల పుస్తకంలో 'వేదిక' అన్నచోట ఏం రాయాలో తెలియక ఆమె 'లైబ్రరీ' అని రాసింది.

దసరా సెలవుల తర్వాత దశాంశాలు మొదలయ్యాయి. మొదటి వారం వెళ్ళి చూస్తే మళ్ళీ బృందగానం. పోర్షన్ వెనకపడింది, కిటికీలోంచి ఎవరో చూస్తున్నారు, ఆమెకి పాత దారే సురక్షితం. నేను ఏమీ అనలేదు. అనాలో వద్దో తేల్చుకోలేకపోయాను, అదీ నిజం. 16 వారాల గడువు నవంబరులో అలాగే అయిపోయింది.

డిసెంబరులో ఒక రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. నేల మీద చాప, చాప మీద మూడు కుప్పల చీటీలు, పక్కన సగం తిన్న కంచం. దగ్గరగా తీసిన ఇంకో ఫొటోలో ఒక పిల్ల రాత: 0.25 పెద్దది, 0.3 చిన్నది, 25 రూపాయలు, 3 రూపాయలు. కింద ఆమె మెసేజ్: "అక్కా, ఇది కూడా అంగడి వల్లనేనా? లేకుంటే నేను చుక్క తర్వాత ఉన్నది ట్వెంటీ ఫైవ్ అని చదివినందుకా? క్లాసులో ఎట్ల చదివినానో గుర్తుకు రాలా. రేపు పిల్లోళ్ళనే అడుగుతా."